ముసుగు తీయించే పందెం

చలికాలం పొద్దున్నే లేచి నడవడానికి అలారం చాలదు, డాక్టరు హెచ్చరికా చాలదు. మూలమలుపులో ఎదురుచూసే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషితో చిన్న పోటీ కావాలి.

దీపావళి దాకా బాగానే సాగుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమ ఉన్న గరిడేపల్లి లాంటి ఊళ్లలో తెల్లవారుజామున రోడ్డెక్కి నడిచేవాళ్లు గుంపులుగానే కనిపిస్తారు. కార్తీకం సగం గడిచేసరికి గుంపు పలచబడుతుంది. సంక్రాంతి దగ్గరపడే నాటికి ఇద్దరు ముగ్గురు మిగిలితే గొప్ప. మిగతావాళ్లు నడక మానేశామని ఒప్పుకోరు. చలి తగ్గనీ, మళ్లీ మొదలుపెడదాం అంటారు. చలి తగ్గేసరికి ఎండలు ముదురుతాయి.

ఇదంతా బద్ధకమేనంటే అన్యాయం. పొద్దు కూడా సహకరించదు. జూన్‌లో గరిడేపల్లిలో 5.40 లోపే సూర్యోదయం అవుతుంది. నవంబర్ చివరికి అది 6.20 దాటుతుంది. డిసెంబర్ 21 నాటికి 6.35కు చేరుతుంది. పగళ్లలో అదే చిన్నది కాబట్టి ఇక అక్కడి నుంచి తెల్లవారుజాములు మెరుగుపడతాయని చాలామంది లెక్క. పగలు పెరిగే మాట నిజమే, కానీ ఆ పెరుగుదల ముందు సాయంత్రానికి చేరుతుంది. సూర్యోదయం మాత్రం జనవరి మూడో వారం దాకా ఇంకా వెనక్కే జరిగి 6.45 దగ్గర నిలుస్తుంది. అంటే ఏడాదంతటిలో మన దగ్గర అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది సంక్రాంతి వెళ్లిన తర్వాతి వారం. కొత్త సంవత్సరానికి గట్టిగా అనుకుని మొదలుపెట్టిన నడక సరిగ్గా అక్కడే ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం.

పైగా ఇది కోతల కాలం. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం వడ్లు మిల్లులకు చేరేదీ, యాసంగి నార్లు పోసి నాట్లు మొదలుపెట్టేదీ ఈ నెలల్లోనే. కల్లం చాలని రైతు రోడ్డు సగం మీద వడ్లు ఆరబోస్తాడు. రాత్రికి కుప్ప చేసి, పైన పరదా కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెడతాడు. మంచు దిగిన తెల్లవారుజామున నల్ల పరదా, నల్ల తారురోడ్డు ఒకటిగా కలిసిపోతాయి. రాయి కాలికి తగిలితే గానీ కుప్ప ఉన్నట్టు తెలియదు. తప్పుకుందామని రోడ్డు నడిమికి వస్తే ఎదురుగా వడ్ల ట్రాక్టరు. ఇలాంటి రోడ్డు మీద ఒంటరిగా నడవమని ఎవరికైనా చెప్పే ముందు ఒక్క క్షణం ఆలోచించాలి.

అయినా ఆ చీకట్లో లేచేవాళ్లు లేకపోలేదు. ధనుర్మాసం పొడుగునా ఊళ్లో ముందుగా లేచేది ఆడవాళ్లు. వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, చుక్కలు పెట్టి ముగ్గు వేస్తారు. ఓ పెద్ద ముగ్గంటే అరగంటకు పైగా నడుము వంచి, గొంతుకూర్చుని, జరుగుతూ, లేస్తూ, మళ్లీ వంగుతూ చేసే పని. చేతివేళ్లు చలికి కొంకర్లు పోతున్నా గీత వంకరపోకూడదు. ఎదురింటి వాకిట్లో ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పడితే రేపు ఈ వాకిట్లో ఇరవై మూడు చుక్కలు పడాల్సిందే. ఎవరూ పందెం అన్న మాట ఎత్తరు. అయినా నెలపాటు వీధి వీధంతా పందెంలోనే ఉంటుంది.

రెండో గుంపు అయ్యప్ప స్వాములు. మాల వేసుకున్న మనిషి 41 రోజుల పాటు తెల్లవారకముందే లేచి చన్నీళ్ల స్నానం చేస్తాడు. మామూలు రోజుల్లో వేడినీళ్లు లేనిదే స్నానానికి కదలని మనిషే ఆయన. భక్తి సంగతి వేరు, దాన్ని కొలిచే పని నాది కాదు. కానీ సన్నిధానంలో మిగతా స్వాములంతా లేచి ఉంటారన్న ఎరుక కూడా ఆయన్ని లేపుతుంది. దీక్ష ముగిసి మాల తీశాక ఆ లేవడం ఎన్నాళ్లు నిలుస్తుందో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. శరీరం అదే, చలి అదే, పక్కన లేచే మనుషులు లేరు.

మూడో గుంపు పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ పోలీసు నియామకాల నోటిఫికేషన్ వచ్చింది. దేహదారుఢ్య పరీక్షలు డిసెంబర్‌లో మొదలై జనవరి దాకా నడిచాయి. అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. లాంగ్‌జంప్, షాట్‌పుట్ అదనం. ఆ చలికాలం ఊరూరా బడి మైదానాల్లో, కాలువ కట్టల మీద, పొలాల మధ్య రోడ్ల మీద ఈ పిల్లలు పరుగెత్తారు. ఒకరు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతారు. తిరిగొచ్చినవాడు మోకాళ్ల మీద చేతులు ఆనించి రొప్పుతూ ముందు అడిగేది ఒక్కటే: "ఎంతొచ్చింది అన్నా?" ఏడు నలభై అంటే ముఖం వాడిపోతుంది. తన తోటివాడికి ఏడు ఇరవై వచ్చిందని తెలిస్తే మర్నాడు నాలుగున్నరకే వచ్చి నిలబడతాడు. 7 నిమిషాల 15 సెకన్లన్నది ప్రభుత్వం పెట్టిన గీత. నిద్ర లేపింది మాత్రం పక్కవాడి ఏడు ఇరవై.

ఈ మూడు గుంపుల్లో ఎవరూ ఆరోగ్యం కోసం లేవడం లేదు. ఆరోగ్యం చాలా దూరపు బహుమతి. పదేళ్ల తర్వాత రాకుండా పోయే గుండెపోటు ఈ రోజు దుప్పటి వెచ్చదనంతో తూగదు. ఎదురింటి ముగ్గు, తోటి స్వామి, పక్కవాడి టైమింగ్ మాత్రం ఈ పొద్దుటివి, కంటికి కనిపించేవి. చలికాలం వ్యాయామం నిలబడాలంటే ఆ దూరపు బహుమతిని పక్కన పెట్టి ఇలాంటి దగ్గరి కారణాన్ని కల్పించుకోవాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

దీన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. 1898లో అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అనే పరిశోధకుడు సైకిల్ పందేల రికార్డులు తిరగేసి, ఒంటరిగా గడియారంతో పోటీపడినవారి కంటే పక్కన మరొకరు తొక్కుతున్నప్పుడు వేగం పెరగడాన్ని గమనించాడు. ఇటీవలి పరిశోధన మనకు ఇంకా దగ్గరిది. 2019లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. అమెరికాలోని 40 రాష్ట్రాల్లో ఒకే సంస్థకు పనిచేస్తున్న 602 మంది ఉద్యోగులను తీసుకున్నారు. అందరూ అధిక బరువున్నవాళ్లే. నాలుగు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు అడుగులు లెక్కపెట్టే పట్టీ మాత్రం ఇచ్చి వదిలేశారు. ఒక గుంపులో ఇంట్లోవాళ్లో, స్నేహితులో వెన్నుతట్టే ఏర్పాటు, ఇంకో గుంపులో కలిసి సాధించే ఏర్పాటు, మరో గుంపులో ముగ్గురేసి మధ్య పోటీ. 24 వారాలు నడిచాక చూస్తే మూడు ఏర్పాట్లూ పనిచేశాయి. ఉత్త పట్టీ పెట్టుకున్నవాళ్ల కంటే పోటీ గుంపువాళ్లు రోజుకు సగటున 920 అడుగులు ఎక్కువ నడిచారు, అన్నిటిలోకీ అదే ఎక్కువ. ఆ తర్వాత ఆట ఆపేసి 12 వారాలు ఊరికే గమనించారు. అప్పటికీ చెప్పుకోదగ్గ తేడా మిగిలింది పోటీ గుంపులోనే, రోజుకు 569 అడుగులు.

ఈ పరిశోధనలో నాకు బాగా నచ్చింది అంకెలు కాదు, మార్కులు వేసిన తీరు. వారం మొదట్లోనే ప్రతి మనిషికీ 70 మార్కులు ఇచ్చేస్తారు. అనుకున్న అడుగులు వేయని రోజు పది కోత. ఎన్ని అడుగులన్నది అందరికీ ఒకటి కాదు, ఎవరి లెక్క వారిదే. రోజుకు నాలుగు వేలు నడిచే మనిషి, తొమ్మిది వేలు నడిచే మనిషి ఒకే పోటీలో ఉండొచ్చు. గెలుపోటములను తేల్చేది వేగమో దూరమో కాదు, మాట తప్పని రోజులు. చేతిలో ఉన్న మార్కు పోతుందంటే కలిగే బాధ, లేని మార్కు వస్తుందన్న ఆశ కంటే గట్టిగా పనిచేస్తుంది. ఈ పద్ధతికి యాప్ అక్కర్లేదు. రెండు వందల పేజీల నోటుబుక్కు, ఓ పెన్ను చాలు.

పోటీ అనగానే మన ఊళ్లలో వచ్చే చిక్కు వేరే ఉంది. జత కుదరదు. పాతికేళ్ల కుర్రాడు, యాభై దాటిన కిరాణా కొట్టు యజమాని కలిసి మొదలుపెడతారు. నాలుగో రోజుకు కుర్రాడు కిలోమీటరు ముందుంటాడు, పెద్దాయన ఇంట్లో ఉంటాడు. జత కుదర్చడమంటే ఏమిటో మన ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎద్దుల విషయంలో అది మనకు బాగా తెలుసు. హుజూర్‌నగర్‌కు దగ్గర్లోని మేళ్లచెరువులో మహాశివరాత్రి జాతరకు ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. అక్కడ కనిపించిన జతనల్లా ఒకే బరిలోకి దించరు. పళ్లు చూస్తారు. పాలపళ్లవి ఒక విభాగం, రెండు పళ్లవి ఒకటి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు. ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగాయన్నదే లెక్క. ఆ ఎడ్లకు దాణాలో ఉలవలు లెక్కగా పెట్టి, శివరాత్రికి చాలా ముందు నుంచే సాధన చేయించే రైతులున్నారు. ఎద్దు పట్ల చూపే ఆ శ్రద్ధ, ఆ న్యాయం మనిషి తన ఒంటి పట్ల కూడా చూపుకోవాలి.

జత సమంగా ఉండాలి అంటే అచ్చం సమానంగా అని కాదు. 1920ల్లో జర్మనీలో ఒట్టో కోలర్ అనే శాస్త్రవేత్త బెర్లిన్ పడవ పందేల క్లబ్బు సభ్యులతో బరువులు ఎత్తించి చూశాడు. ఇద్దరు కలిసి ఒకే బరువు మోస్తున్నప్పుడు, తాను ఆగితే ఆట మొత్తం ఆగిపోతుందన్న పరిస్థితిలో, బలహీనుడు ఒంటరిగా ఓపినదానికంటే ఎక్కువసేపు ఓపాడు. ఇద్దరి మధ్య తేడా మరీ ఎక్కువైతే ఆ ఫలితం పోయింది. అసలు తేడా లేకపోయినా తగ్గింది. మనకంటే కాస్త మెరుగైన మనిషి పక్కన ఉండాలి, అందుకోగలమనిపించేంత దూరంలో.

గరిడేపల్లి లాంటి ఊళ్లో ఇది ఎలా నడపాలో నాకు తోచింది చెబుతాను. డిసెంబర్ 1న మొదలుపెట్టి జనవరి 31న ముగించాలి, 62 రోజులు. పండుగలతో ముడిపెట్టకుండా తేదీలతో పెట్టుకుంటే అన్ని మతాలవాళ్లూ ఇబ్బంది లేకుండా కలుస్తారు. నలుగురేసి జట్లు. మార్కులు ఎవరి లక్ష్యాన్ని బట్టి వారికే కాబట్టి జట్టులో అందరిదీ ఒకే వయసు, ఒకే ఓపిక కానక్కర్లేదు, ఒకే సమయానికి తీరిక ఉన్నవాళ్లు కావాలి. పాలకేంద్రానికి పోయే మనిషికి ఐదున్నర కుదరదు, టీచరమ్మకు ఏడు దాటితే కుదరదు. ఎవరి లక్ష్యం వాళ్లు ముందే నోటుబుక్కులో రాసుకోవాలి: ఒకరిది అరగంట నడక, ఒకరిది మూడు కిలోమీటర్ల పరుగు, ఇంకొకరిది ఇరవై నిమిషాల షటిల్. వారానికి మనిషికి 70 మార్కులు, తప్పిన రోజుకు పది కోత. జ్వరం వస్తే, ఇంట్లో చావో పెళ్లో ఉంటే కోత లేదు. వాటితో పాటు నెలకు రెండు రోజులు ఏ కారణమూ చెప్పకుండా మానుకునే హక్కు కూడా ఇవ్వాలి. అది లేకపోతే మనుషులు అబద్ధాలు చెప్పడం మొదలుపెడతారు, ఆట అక్కడే చెడుతుంది.

డబ్బు పందెం వద్దు. రూపాయి వచ్చిచేరిన మరుక్షణం స్నేహం లెక్కల్లో పడుతుంది. ఓడిన జట్టు ఆదివారం అందరికీ చాయ్ తాగించాలి. లేదా పల్లె ప్రకృతి వనంలో మొక్కలకు నీళ్లు పోయాలి, మైదానంలో పడేసిన సీసాలు ఏరాలి. నోటుబుక్కు అందరికీ కనపడేచోట, చాయ్ హోటల్లోనో కిరాణా కొట్టులోనో ఉండాలి. వాట్సాప్ గ్రూపులో మార్కులు పెట్టొచ్చు కానీ అక్కడ ఎవరైనా తప్పించుకుంటారు. చాయ్ గ్లాసు చేతికి అందిస్తూ హోటలాయన "ఏంది బావా, నిన్న పత్తా లేవు?" అని అడిగితే తప్పించుకునే దారి లేదు. ఆ ప్రశ్నలో నిష్ఠూరం ఉంది, ప్రేమ కూడా ఉంది. రోజూ వచ్చే మనిషినే ఎవరైనా అలా అడుగుతారు.

ప్రభుత్వాలు కూడా చలికాలంలో పోటీలు పెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 'ఆడుదాం ఆంధ్రా' 2023 డిసెంబర్ 26న మొదలై ఫిబ్రవరి దాకా సాగింది. తెలంగాణలో 2024 డిసెంబర్‌లో సీఎం కప్ గ్రామ స్థాయి నుంచి మొదలై రాష్ట్ర స్థాయి దాకా జరిగింది. ఇవి కావలసినవే. ఊరి పిల్లల్లో ఎవరికి కాలు చురుకో, ఎవరికి చేయి బలమో బయటపెట్టేవి ఇవే. కానీ వాటిలో ఓడిన జట్టు ఆ సాయంత్రమే ఇంటికి పోతుంది. నలభై ఏళ్ల షుగర్ మనిషికి కావలసింది ఓడినా మర్నాడు రావలసిన పోటీ. 2022 జూన్ 2న మొదలుపెట్టిన తెలంగాణ క్రీడా ప్రాంగణాల పథకం కింద ఊళ్లలో వాలీబాల్, ఖోఖో కోర్టులతో స్థలాలు ఏర్పాటు చేశారు. వాడే మనుషులుంటే అవి మైదానాలుగా ఉంటాయి, లేకపోతే గడ్డి మొలుస్తుంది. చలికాలం ఒక్కటైనా జట్లన్నీ అక్కడే కలిస్తే ఒక లైటు వేయించమని పంచాయతీని అడిగే నోరు వస్తుంది. ఒంటరిగా నడిచే మనిషి అడిగితే లైటు రాదు.

ఆడవాళ్ల సంగతి విడిగా మాట్లాడాలి. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో సుమారు సగం మందికి కావలసినంత శారీరక శ్రమ లేదు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. కావలసినంత అంటే పెద్దగా ఏమీ కాదు, వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ. యాసంగి నాట్లలో తెల్లారేసరికి చన్నీళ్ల బురదలో వంగి నిలబడే కూలి తల్లికి వాకింగ్ చేయమని చెప్పడం తప్పు. ఆమెకు కావలసింది విశ్రాంతి, నడుంనొప్పికి వైద్యం. నేను చెబుతున్నది బడి, బ్యాంకు, దుకాణం, కుట్టుమిషను, వంటిల్లు వీటి మధ్యే రోజంతా గడిచిపోయే ఆడవాళ్ల గురించి. కోత యంత్రాలు, ట్రాక్టర్లు వచ్చాక పొలానికి వెళ్లినా ఒళ్లు వంచే పని తగ్గిన రైతు కుటుంబాల గురించి కూడా. తెల్లవారుజామున చీకట్లో రోడ్డు మీదికి రమ్మంటే వాళ్లు రాలేరు. కుక్కలు, లారీలు, తాగి తిరిగే మనుషులు, ఇంట్లో పొయ్యి మీది పాలు. సాయంత్రం వేళ మాత్రం వాళ్లకు అనుకూలం. నవంబర్ చివర్లో 5.35కే పొద్దు గూకుతుంది గానీ జనవరి మూడో వారానికి ఆరు దాకా వెలుగు ఉంటుంది. బడి వదిలాక మైదానం ఒక గంట ఆడవాళ్లకే అని ఊరు ఒప్పుకుంటే వదిన, మరదలు, తోడికోడళ్లు కలిసి జట్టు కడతారు. ఏ ఇంటికి ఆ ఇంట్లో ముగ్గుల దగ్గర ఇన్నేళ్లుగా చూపిన పట్టుదల అక్కడ జట్టుగా కనిపిస్తుంది. ఆ గంటసేపు పొయ్యి దగ్గర నిలబడాల్సింది మగవాళ్లు, అందులో బేరం లేదు.

జాగ్రత్తల విషయంలో పోటీ అడ్డు రాకూడదు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం ఎక్కువవుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు ఎండ పొడ తగిలాకే బయటికి రావాలి. వాళ్ల జట్టు సమయం ఏడున్నరగా పెట్టుకుంటే మార్కులేం పోవు. పడక మీంచి లేచి నేరుగా పరుగు అందుకోవద్దు, అయిదు పది నిమిషాలు ఇంట్లోనో వాకిట్లోనో చేతులు కాళ్లు ఆడించి ఒళ్లు వేడెక్కాక కదలాలి. ఛాతీలో బరువుగా ఉన్నా, చేయి లాగినా, అలవాటు లేని ఆయాసం వచ్చినా అక్కడికక్కడే ఆగాలి, పక్కవాళ్లకు చెప్పాలి. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ల జేబులో కాస్త చక్కెరో గ్లూకోజో ఉండాలి. చలికి దాహం తెలియదు, అయినా నీళ్లు తాగాలి. కోతలయ్యాక వరి కొయ్యలు కాల్చిన పొగ చల్లటి గాలితో పాటు నేలనంటుకుని ఉంటుంది. ఆ వాసన తగిలిన రోజు ఉబ్బసం ఉన్నవాళ్లు మానుకోవాలి, ఆ రోజు ఎవరికీ కోత వేయకూడదు. రోడ్డు మీద నడిచేటప్పుడు బండ్లకు ఎదురుగా, కుడి అంచున, ఒకరి వెనక ఒకరుగా నడవాలి. లేత రంగు బట్టలు వేసుకుని, చేతిలో టార్చి ఉంచుకోవాలి. చెవుల్లో పాటలు వద్దు.

అన్నిటికంటే కష్టమైన వారం ఏదో మొదట్లోనే చెప్పాను. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు వెళ్లిపోతారు, డబ్బాల్లో సకినాలు, అరిసెలు మిగిలే ఉంటాయి, పొద్దు 6.45 అయితే గానీ పొడవదు. డిసెంబర్‌లో ఉన్న హుషారు అప్పటికి ఉండదు. జట్లు చెదిరేది ఆ వారంలోనే. అందుకని జనవరి 17 నుంచి 25 దాకా కోత రెండింతలు చేయాలి, తప్పిన రోజుకు ఇరవై. వరుసగా రెండు రోజులు రాని మనిషి ఇంటికి మూడో రోజు జట్టులో ఒకరు వెళ్లి పిలవాలి. ఎవరి తలుపు ఎవరు కొట్టాలో కూడా డిసెంబర్ 1నే నోటుబుక్కు మొదటి పేజీలో పేర్లతో సహా రాసి పెట్టుకోవాలి.